లెక్కలోకి రాని శిశువులు

1980లో అమెరికాలో వెలువడిన ఒక వైద్యచరిత్ర గ్రంథాన్ని ఈసారి పాఠకులకు పరిచయం చేస్తున్నాను. దాని పేరు ‘రెట్రోలెంటల్ ఫైబ్రోప్లేసియా: ఎ మోడర్న్ పారబుల్’. రచయిత విలియం సిల్వర్‌మన్, న్యూయార్క్‌లోని బేబీస్ హాస్పిటల్‌లో నెలలు నిండని శిశువులకు చికిత్స చేసిన వైద్యుడు. పేరు నోరు తిరగనిదే అయినా కథ సూటియైనది: శిశువులను బ్రతికించడానికి శ్రద్ధతో చేసిన చికిత్స వేలాదిమంది చూపును హరించింది, చూపును కాపాడబోయిన జాగ్రత్త మరెందరి ప్రాణాలనో తీసింది. ఈ రెండు ప్రమాదాలనూ తన కళ్ళముందే చూసిన వైద్యుడు రాసిన పుస్తకమిది.

ఇందులో కృత్రిమ మేధ ప్రస్తావన లేదు. ఉండే అవకాశమూ లేదు. అయినా నేడు పిల్లల వైద్యంలో కృత్రిమ మేధను గురించి తర్కించేవారు ముందుగా చదవవలసినది ఇదేనని నా అభిప్రాయం. నేనుండే గ్వెల్ఫ్ పట్టణానికి తూర్పున టొరంటో, దక్షిణాన హామిల్టన్ ఉన్నాయి. మొదటిది కృత్రిమ మేధ పరిశోధనకు ప్రసిద్ధి. రెండవది, ప్రమాణాధారిత వైద్యమనే ఆలోచనకు పుట్టిల్లు. మా ఊరి విశ్వవిద్యాలయంలోనూ బాధ్యతాయుతమైన కృత్రిమ మేధ కోసం ఒక కేంద్రం నడుస్తున్నది. ఆసుపత్రి సమావేశాలలో ఈ విషయం రాని వారం లేదు. అక్కడ ‘యంత్రం వైద్యుడిని మించుతుందా?’ అన్న ప్రశ్న తరచుగా వినబడుతుంది. సిల్వర్‌మన్ చరిత్ర చదివినవారికి వేరొక ప్రశ్న తోస్తుంది: ‘ఈ లెక్కలోకి రాని శిశువులెవరు?’

ఒక అంధత్వం, వంద అనుమానాలు

1942లో బోస్టన్ నేత్రవైద్యుడు థియొడోర్ టెర్రీ, నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కంటి కటకం వెనుక తెల్లని పొర ఏర్పడి చూపు పోతున్నదని గుర్తించాడు. ఆ తరువాతి పదేళ్ళలో ఈ వ్యాధి ఒక ఉపద్రవమైంది. అది పేదదేశాల జబ్బు కాదు; మంచి ఇన్‌క్యుబేటర్లు, ధారాళంగా ప్రాణవాయువు ఉన్న సంపన్న దేశాల జబ్బు. ప్రపంచం మొత్తం మీద సుమారు 10,000 మంది శిశువులు అంధులయ్యారు. 1950లో పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకరు. కాంతి ఎక్కువైందని, విటమిన్లు తక్కువయ్యాయని, తల్లిపాలు కాక ఆవుపాలు పట్టడం వల్లనని, ఇలా ఎవరికి తోచిన కారణం వారు చెప్పారు.

ఆ రోజులలో సిల్వర్‌మన్, అతని సహచరులు ఏసీటీహెచ్ అనే హార్మోనును ప్రయోగించారు. వ్యాధి తొలిదశలో ఉన్న 31 మంది శిశువులకు ఆ మందు ఇస్తే 25 మంది మామూలు చూపుతో ఇంటికి వెళ్ళారు. అదే నగరంలో మందు ఇవ్వని మరొక ఆసుపత్రిలో 7గురు శిశువులలో 6గురు అంధులయ్యారు. ఇంతకంటె స్పష్టమైన రుజువు ఏ వైద్యుడికి కావాలి? అయినా ఆ బృందం అక్కడ ఆగలేదు. రంగు గోళీలు తీసి, ఎవరికి మందు ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో యాదృచ్ఛికంగా నిర్ణయించి మళ్ళీ పరీక్షించారు. ఫలితం తలక్రిందులైంది. మందు పుచ్చుకున్నవారిలో మూడోవంతు అంధులైతే, పుచ్చుకోనివారిలో అయిదోవంతు మాత్రమే అంధులయ్యారు. మందు పుచ్చుకున్నవారిలో మరణాలు కూడా ఎక్కువే. ఈ వ్యాధి తొలిదశలో చాలామందికి దానంతటదే నయమవుతుంది. ఆ ఘనత మందు ఖాతాలో పడింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది గాని, ఊడిందని తెలుసుకునే మార్గాన్ని కూడా వారే ఏర్పరచుకున్నారు. సిల్వర్‌మన్ గొప్పతనం ఇక్కడ ఉన్నది.

48 గంటలు

1951లో మెల్బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంబెల్ ప్రాణవాయువు మీద వేలు పెట్టి చూపింది. దానిని ధారాళంగా వాడిన చోట అంధత్వం ఎక్కువగా, పొదుపుగా వాడిన చోట తక్కువగా ఉన్నదని గమనించింది. దాదాపు అదే కాలంలో వాషింగ్టన్‌లో ఆర్నాల్ పాట్జ్ అనే యువ నేత్రవైద్యుడు శిశువులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ప్రాణవాయువు తగ్గించి పరీక్ష మొదలుపెట్టాడు. రాత్రివేళ కొందరు నర్సులు ఆ పసికందుల మీద జాలితో గొట్టాల మీటలు మళ్ళీ తిప్పేవారట. వారిని తప్పుపట్టలేము. ఊపిరి అందని శిశువుకు ఊపిరి ఇవ్వకుండా ఉండడం అమానుషమని వారి మనసుకు తోచింది. ‘మేలు చేస్తున్నాము’ అన్న నమ్మకం ఎంత బలమైనదో ఆ మీటలు చెబుతాయి.

1953 జులైలో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలిసి పెద్ద పరీక్షకు పూనుకున్నాయి. 1954లో ఫలితం ప్రకటించారు: ఎక్కువకాలం ఎక్కువ ప్రాణవాయువే ఈ అంధత్వానికి కారణం. ఇన్‌క్యుబేటర్లలో ప్రాణవాయువు నూటికి 40 పాళ్ళు మించరాదన్న నియమం ఆసుపత్రులలో స్థిరపడింది. అంధత్వం పడిపోయింది. వైద్యలోకం ఊపిరి పీల్చుకున్నది.

ఆ పరీక్షలో ఒక సూక్ష్మమైన నిబంధన ఉన్నది. పుట్టిన 48 గంటలు దాటి బ్రతికిన శిశువులనే అందులో చేర్చారు. మొదటి రెండు రోజులలో మరణించేవారిని చేర్చితే ఫలితం తికమక అవుతుందన్నది నిర్వాహకుల ఆలోచన. పరిశోధన దృష్టితో చూస్తే సమంజసమైనదే. కాని నెలలు నిండని శిశువుకు ప్రాణవాయువు అత్యవసరమయ్యేది ఆ మొదటి రెండు రోజులలోనే. 48 గంటల తరువాతి శిశువుల మీద తేలిన నియమాన్ని పుట్టిన క్షణం నుంచి అందరికీ వర్తింపజేశారు. 1973లో కెన్నెత్ క్రాస్ అనే శరీరశాస్త్రవేత్త లండన్‌లో ప్రచురితమయ్యే లాన్సెట్ పత్రికలో దీనికి వెల కట్టాడు: కాపాడిన ప్రతి ఒక్క శిశువు చూపుకూ సుమారు 16 మంది శిశువులు మరణించి ఉంటారని అతని అంచనా. ఆ సంఖ్య అంచనాయే. కాని ఆ మరణాలు ఇరవై ఏళ్ళపాటు ఎవరి పట్టికలోనూ ఎక్కలేదన్నది అంచనా కాదు. అంధుడైన బిడ్డ అందరి కళ్ళముందూ పెరుగుతాడు. మొదటి రోజునే పోయిన బిడ్డ ‘నెలలు నిండలేదు, దక్కలేదు’ అన్న మాటలో కలిసిపోతాడు.

అంకె చూపే యంత్రం

సిల్వర్‌మన్ పుస్తకం 1980లో ముగిసింది, కథ ముగియలేదు. శిశువు రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో వేలికి, పాదానికి కాంతి ప్రసరింపజేసి చెప్పే పల్స్ ఆక్సీమీటరు ఆ తరువాత వార్డులలోకి వచ్చింది. కోవిడ్ కాలంలో మన ఇళ్ళలోకి కూడా వచ్చినది దీని చిన్న రూపమే. ఇక సమస్య తీరినట్లేనని అనిపించింది: అంకె కనబడుతున్నది గదా, ఎంత కావాలో అంతే ఇస్తాము.

కాని ఎంత కావాలి? ఈ శతాబ్దిలో అయిదు పెద్ద పరీక్షలు ఆ ప్రశ్ననే అడిగాయి. శిశువులను నూటికి 85 నుంచి 89 వరకు ఒక జట్టుగా, 91 నుంచి 95 వరకు మరొక జట్టుగా ఉంచి చూశారు. వాటిలో కెనడా పరీక్షను ఇక్కడికి దగ్గరలోని హామిల్టన్‌లో ఉన్న మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమే సమన్వయం చేసింది. దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. అందులో రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. 2010లో వెలువడిన అమెరికా పరీక్షలో మాత్రం తక్కువ ప్రాణవాయువు జట్టులో తీవ్రమైన కంటిజబ్బు నూటికి 17.9 నుంచి 8.6కు తగ్గితే, మరణాలు 16.2 నుంచి 19.9కి పెరిగాయి. యాభై ఏళ్ళనాటి తక్కెడ మళ్ళీ ఎదురైంది: ఒక పళ్ళెంలో చూపు, ఒక పళ్ళెంలో ప్రాణం.

ఈ పరీక్షల నడుమ జరిగిన ఒక సంఘటన ఈ వ్యాసానికి ముఖ్యం. ఆక్సీమీటరు లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఒక వంకర ఉన్నదని బ్రిటన్ పరిశోధకులు కనిపెట్టారు. 87కూ 90కీ నడుమ రావలసిన అంకెలు ఆ యంత్రం మీద వింతగా తక్కువగా కనబడుతున్నాయి. వాటిని అది పైకి జరిపి చూపుతున్నది. ఏ నర్సుకూ ఏ వైద్యుడికీ కంటితో కనబడే లోపం కాదది. వేలాది అంకెలను గుదిగుచ్చి గీత గీస్తే, ఆ గీతలో ఒక పల్లం కనబడింది. సాఫ్ట్‌వేర్‌ను సవరించిన తరువాత చేరిన 1,187 మంది శిశువులను చూస్తే, తక్కువ ప్రాణవాయువు జట్టులో మరణాలు నూటికి 23.1, ఎక్కువ జట్టులో 15.9. సవరించక ముందు ఈ తేడా మరుగున పడి ఉన్నది.

ఆక్సీమీటరును ఎవరూ కృత్రిమ మేధ అనరు. ఎవరో రాసిన గణితసూత్రం లోపల పనిచేస్తుంది, బయటకు ఒక అంకె వస్తుంది, ఆ అంకెను చూసి మనం శిశువుకు ఊపిరి కొలుస్తాము. నేటి కృత్రిమ మేధ కూడా మంచం పక్కన చేసే పని ఇదే. దాని లోపలి సూత్రం మాత్రం మనిషి చదవగలిగినది కాదు.

ముందే చెప్పే లెక్క

టొరంటోలోని సిక్‌కిడ్స్ పిల్లల ఆసుపత్రిలో 2009లో ‘ఆర్టెమిస్’ అనే వ్యవస్థను నెలకొల్పారు. ఆస్ట్రేలియా నుంచి ఆంటారియో వచ్చిన కంప్యూటరు శాస్త్రజ్ఞురాలు కారొలిన్ మెక్‌గ్రెగర్, ఆ ఆసుపత్రి శిశువైద్యుడు ఆండ్రూ జేమ్స్, ఐబీఎం సంస్థ కలిసి చేసిన ప్రయత్నమది. ఇన్‌క్యుబేటరులోని శిశువు గుండె, ఊపిరి, ప్రాణవాయువు కొలతలు సెకనుకు వెయ్యికి పైగా వస్తాయి. నర్సు గంటకొకసారి ఒక అంకె రాసుకుంటుంది. మిగిలినవన్నీ గాలిలో కలిసిపోతాయి. వాటిని పట్టి, రక్తంలో క్రిములు చేరే జాడను వైద్యుడి కంటె ముందు పసిగట్టవచ్చునా అన్నది వారి ప్రశ్న. ఆశ్చర్యమేమంటే, జబ్బు ముంచుకొచ్చే ముందు శిశువు గుండె లయ గందరగోళం కావడానికి బదులు మరీ నిలకడగా మారుతుంది. ఆరోగ్యవంతుడైన శిశువు గుండె అనుక్షణం కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగు సన్నగిల్లడమే ప్రమాదసూచన. నిద్రపోతున్న బిడ్డ ప్రశాంతంగా ఉన్నదని సంతోషించే మన కన్ను ఇక్కడ మోసపోతుంది.

ఈ గుర్తునే అంతకు ముందు నుంచి వర్జీనియా విశ్వవిద్యాలయంలో ర్యాండల్ మూర్‌మన్ బృందం పరిశోధిస్తున్నది. వారు చేసిన పని సిల్వర్‌మన్ మెచ్చుకోదగినది. 3,003 మంది అతి తక్కువ బరువు శిశువులకు యంత్రం ఆ లెక్క కట్టింది. సగం మందికి మాత్రమే ఆ అంకెను వైద్యులకు చూపారు. అంకె చూసి ఏం చేయాలన్నది వైద్యుల ఇష్టానికే వదిలారు. 2011లో ఫలితం వచ్చింది: అంకె చూపనివారిలో మరణాలు నూటికి 10.2, చూపినవారిలో 8.1. పరీక్షకు ముందు ప్రధానమైనదని నిర్ణయించుకున్న మరొక కొలమానంలో మాత్రం, అంటే శ్వాసయంత్రం లేకుండా బ్రతికిన రోజుల సంఖ్యలో, నమ్మదగినంత తేడా రాలేదు. నూరుమందిలో ఇద్దరు బిడ్డలు దక్కారన్నది చిన్న మాట కాదు. ప్రధాన కొలమానం నెగ్గలేదన్నది దాచవలసిన మాటా కాదు. రెండూ కలిపి చెప్పడమే శాస్త్రం.

మళ్ళీ ఆ కంటిజబ్బే

కృత్రిమ మేధ చిత్రంగా సిల్వర్‌మన్ ఎదుర్కొన్న కంటిజబ్బు దగ్గరికే తిరిగి వచ్చింది. నేడు దాని పేరు రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ. సకాలంలో కనిపెడితే లేజరుతో చూపు నిలుపవచ్చు. కొన్ని రోజులు ఆలస్యమైతే ఏమీ చేయలేము. రెటీనా రక్తనాళాల ఉబ్బు, వంకర ఎంత ఉన్నదో నిపుణుడు చూసి చెప్పాలి. అక్కడే చిక్కు. 2007లో మైకేల్ చియాంగ్ బృందం 34 చిత్రాలను 22 మంది నిపుణులకు చూపితే, మూడు తరగతులుగా విభజించమన్నప్పుడు అందరూ ఏకీభవించినవి 4 మాత్రమే. అమెరికాలో జయశ్రీ కల్పతి-క్రేమర్, చియాంగ్, పీటర్ క్యాంబెల్ తదితరులు 5,000 పైచిలుకు చిత్రాలతో కంప్యూటరుకు శిక్షణ ఇచ్చి, 2018లో ఫలితాలు ప్రకటించారు. 100 చిత్రాల మీద జరిగిన పోటీలో అది 8 మంది నిపుణులలో 6గురిని మించింది. గురువులే ఏకీభవించని చోట శిష్యుడు నిలకడగా జవాబు చెప్పడం మెచ్చదగినదే.

అయినా ఏ శిశువుల చిత్రాలతో నేర్పారు అన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి జవాబు ఒక పాత అనుభవంలో ఉన్నది. స్వీడన్‌లో శిశువు వారం వారం పెరిగే బరువును బట్టి ఈ జబ్బును ముందే చెప్పే లెక్క ఒకటి తయారుచేశారు. 2009లో 353 మంది స్వీడన్ శిశువుల మీద అది చికిత్స కావలసిన ఒక్కరినీ వదలలేదు. అదే లెక్కను మెక్సికోకు తీసుకువెళితే, 32 వారాల లోపు పుట్టినవారిలో నూటికి సుమారు 85 మందినే పట్టుకున్నది. 32 వారాలు దాటి పుట్టినవారిలో దాదాపు ఎవరినీ పట్టుకోలేదు. లెక్కలో కూడికల తప్పు లేదు. స్వీడన్‌లో 32 వారాలు దాటిన శిశువుకు ఈ జబ్బు రావడం బహు అరుదు; అందుకని అటువంటి శిశువు ఎలా ఉంటాడో ఆ లెక్కకు తెలియదు.

మన దేశమూ ఈ విషయంలో మెక్సికో వైపే. కెనడాలో 31 వారాలు నిండకుండా గాని, 1,250 గ్రాములు మించని బరువుతో గాని పుట్టినవారికి ఈ కంటిపరీక్ష చేస్తారు. భారతదేశపు మార్గదర్శకాలు 34 వారాల లోపు, 2,000 గ్రాముల లోపు అంటాయి. కారణం మళ్ళీ ప్రాణవాయువే: దానిని కొలిచి కలిపి ఇచ్చే పరికరాలు లేని చోట పెద్ద శిశువులకు కూడా ఈ జబ్బు వస్తుంది. ఏటా సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టే దేశంలో, సంపన్న దేశాల చిన్న శిశువుల చిత్రాలతో చదువుకున్న యంత్రాన్ని పరీక్షించకుండా వాడడం, 48 గంటల నిబంధనను మరచి నియమం చేయడం వంటిదే. సంతోషించవలసిన సంగతి, పై బృందమే తమ యంత్రాన్ని భారత్, నేపాల్, మంగోలియా శిశువుల చిత్రాల మీద విడిగా పరీక్షకు పెట్టింది. ఆ అలవాటు నియమం కావాలి.

హైదరాబాదులో గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సుభద్రా జలాలీ 1990ల చివర జంటనగరాల శిశు వార్డులలో ఈ జబ్బు కోసం గాలింపు మొదలుపెట్టారు. పుట్టిన 30 రోజుల లోపు ప్రతి బిడ్డ కన్నూ చూడాలన్న ప్రచారం అక్కడినుంచే వచ్చింది. అప్పుడు కృత్రిమ మేధ లేదు. శిశువులు ఉన్న చోటికే నేత్రవైద్యులు వెళ్ళే ఏర్పాటు, మళ్ళీ ఎప్పుడు చూడాలో తల్లికి అర్థమయ్యేలా చెప్పే మనిషి, అవసరమైతే ఆలస్యం లేకుండా లేజరు: ఈ మూడూ కలిసి చూపు నిలిపాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం అదే సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి రూపొందించిన కృత్రిమ మేధను పిల్లల కంటి పరీక్షలలో వాడడానికి స్వీకరించింది. ఉపయోగించవలసినదే. అయితే యంత్రం హెచ్చరిక మ్రోగించిన తరువాత బిడ్డను అందుకునే చేయి లేకపోతే, ఆ హెచ్చరిక ఎంత ఖచ్చితమైనదైనా ఆ తల్లికి ఒరిగేదేమీ లేదు.

సిల్వర్‌మన్ పుస్తకాన్ని యంత్రాల మీద ద్వేషంతో చదవవద్దని మనవి. ఆయన చికిత్సలను ద్వేషించలేదు. పరీక్షించని నమ్మకాన్ని ద్వేషించాడు. ఆర్టెమిస్ పట్టుకున్న గుండె లయను నా కన్ను ఏ జన్మకూ పట్టుకోలేదు. దానిని కాదనడం మూర్ఖత్వం. కాని ఇకపై మన ఆసుపత్రులకు పిల్లల కోసమని ఏ కృత్రిమ మేధ వచ్చినా, అది ఎంతమందిని సరిగా గుర్తించిందన్న పట్టికతో పాటు మరొక పట్టికను కూడా అడగాలి. ఏ వయసువారిని చేర్చలేదు, ఏ దేశంవారిని చూడలేదు, ఏ కొలతలను చెడ్డవని పారవేశారు, మధ్యలో మరణించినవారిని ఎక్కడ రాశారు? వైద్యులే కాదు, తల్లిదండ్రులు కూడా ఈ ప్రశ్న అడగవచ్చు. దానికి ఇంజనీరింగు చదివి ఉండనక్కరలేదు.

ఏ జిల్లా ఆసుపత్రిలోనో 1,800 గ్రాముల బరువుతో ఈ రాత్రి ఒక బిడ్డ పుట్టవచ్చు. ఆ బిడ్డ కెనడా నియమంలోకి రాడు. స్వీడన్ లెక్కలోకి రాడు. వాడి కంటిని వచ్చే 30 రోజులలో ఎవరో ఒకరు చూడాలి.